అడ్డగుట్ట బస్తీలో ఫోను ద్వారా శాకాహార వంట తరగతులు: షుగరు రాకుండా ఆపడానికి పనికొస్తాయా?

ప్రశ్న: పోషకాహార విద్యార్థిని, సికింద్రాబాద్

అందరికీ నమస్కారం. నేను పోషకాహార శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా విభాగంలోని కొందరం కలిసి అడ్డగుట్ట పరిసరాల్లోని మహిళా సంఘాల సభ్యులకు ఆన్‌లైన్‌లో వంట తరగతులు నడపాలని అనుకుంటున్నాము. షుగరు ఇంకా రాని, కానీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న ఇళ్ళలో పప్పులు, ఆకుకూరలు, చిరుధాన్యాలకు పెద్దపీట వేసే వంటను అలవాటు చేయాలన్నది మా ఉద్దేశం. భారత వైద్య పరిశోధన మండలి వారి ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు 10.1 కోట్లు కాగా, ఆ అంచుకు చేరినవారు 13.6 కోట్లు. ఈ రెండో వర్గానికి మందుల చీటీ ఉండదు, ఆసుపత్రికి వెళ్ళే అలవాటూ ఉండదు. అందువల్ల వారిని చేరడానికి వంటిల్లే దగ్గరి దారి అని మాకు అనిపించింది.

అమెరికాలో నల్లజాతి, లాటినో పేటల్లో మొక్కల ఆహారంపై ఇటువంటి వంట తరగతులు చాలాకాలంగా జరుగుతున్నాయి. కరోనా తరువాత అవి చాలావరకు ఆన్‌లైన్‌లోకి మారాయి. ఆ నమూనాను ఇక్కడికి తెచ్చుకోవచ్చునా అన్నది నా మొదటి ప్రశ్న. ఇప్పటికే రోజూ పప్పు, చారు, కూర తినే ఇళ్ళకు కొత్తగా ఏమి నేర్పాలన్నది రెండోది. ఇక దాతలకు సమర్పించే నివేదికలో "షుగరును ఆపాము" అని రాయడానికి మాకు ఏ ఆధారం ఉండాలి? ఈ మూడింటిపై అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: ఆహార సలహాదారు, తార్నాక

అమ్మా, మంచి ఆలోచన. అయితే ఒక విషయం మొదటే తేల్చుకోండి. షుగరు వచ్చినవారికి మొక్కల ఆహారం మేలు చేస్తుందనడానికీ, రాని వారికి రాకుండా ఆపుతుందనడానికీ ఆధారాలు వేరువేరు. మొక్కల ఆహారంపై అమెరికా వైద్యుడు నీల్ బర్నార్డ్ బృందం 2006లో ప్రచురించిన 22 వారాల ప్రయోగం మీరు చదివే ఉంటారు. అందులో పాల్గొన్న 99 మందికీ అప్పటికే షుగరు ఉంది. దాన్ని తెచ్చి నివారణ తరగతికి రుజువుగా చూపడం సరికాదు.

నివారణకు మన నేల మీద జరిగిన పరీక్షే ఉంది. చెన్నైలో మధుమేహ వైద్యులు రామచంద్రన్ గారి బృందం గ్లూకోజు నియంత్రణ తప్పడం మొదలైన 531 మందిని మూడేళ్ళపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసిన వారిలో 55 శాతానికి షుగరు రాగా, ఆహారం, నడక మార్చుకున్న వారిలో అది సుమారు 39 శాతానికి పరిమితమైంది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఇచ్చిన వారిలోనూ దాదాపు అంతే తగ్గింది. అంటే తిండి, నడకలలో మార్పు ఒక మాత్రతో సమానంగా పనిచేసిందన్నమాట. అమెరికాలో 2002 నాటి పరీక్షలో అలవాట్లు మార్చుకున్న వారికి షుగరు రావడం, మార్చుకోని వారితో పోలిస్తే 58 శాతం తగ్గింది. కానీ అక్కడి వారు బాగా బరువున్నవారు, బరువు తగ్గించుకోవడమే అక్కడ ప్రధాన సాధనం. మన బస్తీల్లో చూడటానికి సన్నగా ఉన్నా నడుము దగ్గర మాత్రమే కొవ్వు పేరుకున్నవారు ఎక్కువ. వారికి "బరువు తగ్గండి" అంటే అది తమకు సంబంధించిన మాటే కాదనుకుంటారు.

ఇక మొక్కల ఆహారం సంగతి. తెల్లబియ్యం, మైదా, పంచదార, డాల్డా, పునుగులు అన్నీ మొక్కల నుంచి వచ్చినవే. హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలోని నర్సులు, వైద్య సిబ్బంది తిండి వివరాలను ఏళ్ళ తరబడి పరిశీలించి 2016లో ఒక విశ్లేషణ ప్రచురించారు. మొక్కల ఆహారం ఎక్కువగా తిన్నవారందరినీ ఒక్కటిగా చూస్తే షుగరు ముప్పు సుమారు 20 శాతం తక్కువగా కనిపించింది. పొట్టు తీయని ధాన్యాలు, పప్పులు, కూరలు, గింజలు ఎక్కువగా తిన్నవారిని విడిగా చూస్తే తగ్గుదల 34 శాతం. కనుక మీ తరగతి మాంసం మాన్పించడానికి కాదు, అన్నం తగ్గించి పప్పు పెంచడానికి అయితేనే దానికి అర్థం ఉంటుంది. ఆదివారం నాటి కోడికూర మీ శత్రువు కాదు. రోజుకు మూడుపూటలా వచ్చే అన్నపు కుప్ప మీద దృష్టి పెట్టండి.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషను మీద ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములు. ఉడికితే అర కిలో అన్నం. 21 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2020లో చెప్పిన దాని ప్రకారం, రోజుకు 450 గ్రాములకు మించి తెల్లన్నం తినే దక్షిణాసియా వారికి, 150 గ్రాముల లోపు తినేవారితో పోలిస్తే షుగరు ముప్పు 61 శాతం ఎక్కువ. ఒక్క రేషను బియ్యంతోనే మనిషి ఆ గీత దాటుతున్నాడు. దీనికి నేను రేషనును తప్పు పట్టను. ఆకలి తీర్చే బియ్యం ఉచితంగా దొరికే ఇంట్లో జొన్నలు కొనుక్కొమ్మని చెప్పడం సులువు, డబ్బులు పెట్టి కొనడం కష్టం. ఆ ఇల్లాలు లెక్క తెలియక అన్నం వండటం లేదు, లెక్క తెలిసే వండుతున్నది.

మా వీధిలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు, 2000 కేలరీల రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అని సూచించాయి. నేను చూసిన ఇళ్ళలో ఐదుగురికి కాచే పప్పుచారులో పడేది ఒక్క గుప్పెడు కందిపప్పు. చింతపండు, కారం, నీళ్ళు దాన్ని గిన్నెడు చేస్తాయి, ఆ చారుతో ఎంత అన్నమైనా కలిసిపోతుంది. మీరు "రోజూ పప్పు తినే ఇళ్ళు" అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఒక్కొక్కరి కంచంలోకి ఎన్ని గ్రాముల పప్పు వస్తున్నదో కొలిపించడమే మీ మొదటి పాఠం కావాలి. కందిపప్పు ధర భరించలేని నెలలో మైసూరు పప్పు, బబ్బెర్లు, ఉలవలు, మీల్ మేకర్ ఉన్నాయి. మీల్ మేకర్‌లో ఎండు బరువులో సగం దాకా మాంసకృత్తులే ఉంటాయి, పిల్లలు కూడా వద్దనరు.

చిరుధాన్యాల పేరుతో రాగిజావను నెత్తిన పెట్టుకోకండి. మెత్తటి పిండిని నీళ్ళలో కాచి తాగితే అది త్వరగా అరిగి గ్లూకోజును గబగబా పెంచుతుంది. అదే రాగి సంకటిగా, ఆకుకూర పప్పుతో తింటే వేరు. జొన్న రొట్టె ఇంకా మేలు, ఎందుకంటే దాన్ని నమిలి తినాలి, రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది.

మరొక జాగ్రత్త. మీ తరగతిలో షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు తప్పక చేరతారు. వారు ఒక్కసారిగా అన్నం సగం చేస్తే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పు, ఆకుకూరలు పెంచమనడం ప్రమాదమే. వీరిని ముందుగా బస్తీ దవాఖానాకు పంపి, డాక్టరు చెప్పిన మీదటే చేర్చుకోండి. పాలు, గుడ్లు కూడా మానేసినవారికి విటమిన్ బి12 లోపం రావచ్చు. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో బి12 ఇంకా త్వరగా పడిపోవచ్చు. కాబట్టి గుడ్డు, పెరుగు మానమని ఎవరికీ చెప్పకండి.

జవాబు: మహిళా సంఘాల ఆర్పీ, బోరబండ

చెల్లీ, మేడమ్ గారు కంచం గురించి చెప్పారు, నేను ఫోను గురించి చెబుతాను. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సంఘాలకు ఆర్పీగా, అంటే రిసోర్స్ పర్సన్‌గా, రోజూ ఇళ్ళకు తిరుగుతాను కాబట్టి ఇది చూసి చెబుతున్న మాట. "ప్రతి ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంది" అన్నది నిజమే, కానీ అది ఆ ఇంటి ఆడమనిషి చేతిలో లేదు. పగలు భర్త జేబులో ఉంటుంది, సాయంత్రం పిల్లవాడి చేతిలో ఉంటుంది. ఆమె చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, అప్పటికి అంట్లు కూడా కడిగి ఉంటారు. ఆ వేళకు ప్రత్యక్ష తరగతి పెడితే నిద్రమొహాలు తప్ప ఇంకేమీ కనిపించవు.

నల్లా నీళ్ళ సమయం ఇంకొక చిక్కు. చాలా బస్తీల్లో రోజు విడిచి రోజు నీళ్ళు వస్తాయి. నీళ్ళు వచ్చే గంటలో ఏ తరగతి పెట్టినా ఒక్కరూ రారు, రాకపోవడమే న్యాయం. ముందుగా బస్తీలో నీళ్ళ రోజులు కనుక్కొని ఆ తరువాతే మీ పట్టిక వేసుకోండి.

గది ఒక్కటే ఉన్న ఇంట్లో కెమెరా పెట్టమంటే సిగ్గుపడతారు. వెనుక అత్తగారు పడుకొని ఉంటారు, తాడు మీద బట్టలు ఆరుతుంటాయి. కెమెరా ఆపుకోవచ్చని మొదటి మాటగా చెప్పండి. వీలైతే జూమ్ వదిలేసి వాట్సాప్ గుంపులో మూడు నాలుగు నిమిషాల వీడియో, దాని కింద ఒక గొంతు సందేశం పెట్టండి. చదవడం రాని వారు కూడా గొంతు సందేశం రెండుసార్లు వింటారు, పక్కింటావిడకు వినిపిస్తారు. మా దగ్గర అప్పుల వాయిదా కబుర్లన్నీ అలాగే తిరుగుతాయి.

వీడియో తీసేటప్పుడు మీ ముఖం కాదు, చేతులు కనిపించాలి. జొన్న రొట్టె ఉదాహరణ చూడండి. పిండిలో మరిగే నీళ్ళు పోసి, ముందు గరిటెతో కలిపి, చెయ్యి పట్టగలిగినంత చల్లారాక అరచేతి మడమతో బాగా మర్దించాలి. ఆ మర్దన తక్కువైతే తట్టేటప్పుడు అంచులు పగిలిపోతాయి. పెనం మీద వేశాక పైన తడి చేత్తో నీళ్ళు రాసి, ఆ తడి ఆరినప్పుడే తిప్పాలి. పల్లె నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు ఇదంతా చేతుల్లోనే ఉంది, ఇక్కడ పుట్టిన కోడళ్ళకు లేదు. మీరు ల్యాబ్ కోటు వేసుకొని చూపించే కన్నా ఆ బస్తీలోనే ఒక పెద్దావిడ చేత చేయించి తీస్తే ఎక్కువ మంది చూస్తారు. ఆమెకు కొంత గౌరవ వేతనం ఇవ్వడం మరిచిపోకండి.

కొలతలు కూడా గ్రాముల్లో వద్దు. టీ గ్లాసు అందరి ఇంట్లో ఉంటుంది. "నాలుగు గ్లాసుల బియ్యం వండే చోట మూడు వండండి, తగ్గిన గ్లాసుకు బదులు ఒక గ్లాసు బబ్బెర్ల గుడాలు పెట్టండి" అంటే వెంటనే అర్థమవుతుంది. బబ్బెర్లు, ఉలవలు ముందు రోజు రాత్రే నానబెట్టమని మరీ మరీ చెప్పండి. నానబెట్టకుండా కుక్కరు ఎక్కిస్తే గ్యాసు అయిపోతుంది, మళ్ళీ ఎవరూ చేయరు. ఇంట్లో సిలిండరు ఎన్నాళ్ళు వస్తుందన్నదే ఆమెకు అసలైన లెక్క.

మొదటి తరగతి మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకండి. కమ్యూనిటీ హాలులోనో అంగన్‌వాడీలోనో ఒకసారి కలిసి వండుకొని తింటే, ఆ తరువాత మీ సందేశాలను తెరిచి చూస్తారు. ముఖం తెలియని గుంపును మ్యూట్ చేసి పెడతారు.

జవాబు: ఉపాధ్యాయుడు, యాకుత్‌పురా

పాతబస్తీ వైపు కూడా ఈ తరగతులు తీసుకురావాలనుకుంటే రెండు మాటలు. తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూలో కూడా గొంతు సందేశం ఉండాలి. ఇక "శాకాహార వంట" అన్న పేరుతో వస్తే మా వీధుల్లో దాన్ని మతం సంగతిగా తీసుకునే వారు కొందరు ఉంటారు, వారితో వాదించి లాభం లేదు. పొద్దున్నే మా ఇళ్ళలో ఖిచ్డీ, ఖట్టా చేస్తారు. ఖిచ్డీలో మసూర్ పప్పు, ఖట్టాలో నువ్వులు, పల్లీలు, చింతపండు. పక్కన ఖీమా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ ఖిచ్డీలో బియ్యానికి పప్పు పావువంతు కూడా పడదు. దాన్ని సగానికి తెచ్చి, ఖట్టాలో నువ్వులు కాస్త దండిగా వేస్తే మీరు నేర్పదలచుకున్న వంట ఆ వీధి వంటగానే తయారవుతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

వంట నేర్చుకునేది ఆడవారైనా షుగరు పెంచే తిండిలో చాలా భాగం మగవారు బయట తింటారు. ఆటో నడిపేవారు రోజుకు నాలుగైదు చాయలు తాగుతారు. చాయ్‌కి రెండు చెంచాల పంచదార అనుకున్నా నాలుగు చాయలకు 35 గ్రాముల దాకా అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదంటున్నది. ఉస్మానియా బిస్కెట్ల లెక్క ఇందులో కలపలేదు. మీ కార్యక్రమంలో మగవారికి కూడా ఏదో ఒక భాగం ఉండాలి.

జవాబు: ప్రజారోగ్య వైద్యుడు, కూకట్‌పల్లి

మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. "షుగరును ఆపాము" అని రాయకండి. అలా రాయాలంటే పోలికకు మరొక గుంపు ఉండాలి, కనీసం రెండు మూడేళ్ళు గమనించాలి, వందల మంది కావాలి. కేరళలో తోటివారే నాయకులుగా బృందాలు నడిపి, వెయ్యి మందికి పైగా చేర్చుకొని చేసిన నివారణ కార్యక్రమంలో కూడా, 2018లో ఫలితాలు చూస్తే, షుగరు వచ్చినవారి శాతం కార్యక్రమంలో ఉన్న గుంపులో 14.9, పోలిక గుంపులో 17.1. గణాంకాల పరంగా ఆ తేడా నిలబడలేదు. అలవాట్లలో మాత్రం మార్పు కనిపించింది. అంత పకడ్బందీగా చేసినవారే ఆ మాట అనలేకపోయారు.

ఫోను వల్ల ఏమీ కాదని మాత్రం అనుకోవద్దు. రామచంద్రన్ గారి బృందమే 2013లో ఇంకొక పరీక్ష ఫలితాలు ఇచ్చింది. గ్లూకోజు నియంత్రణ తప్పడం మొదలైన 537 మంది ఉద్యోగస్థులైన మగవారిలో సగం మందికి రెండేళ్ళపాటు క్రమం తప్పకుండా మొబైల్ సందేశాలు పంపగా వారిలో 18 శాతానికి, పంపని వారిలో 27 శాతానికి షుగరు వచ్చింది. వీడియో కాదు, వంట కాదు, మామూలు అక్షర సందేశాలు. కానీ వారి ఫోను వారి జేబులోనే ఉంది, నెలజీతం ఉంది. బోరబండ సోదరి చెప్పిన ఇల్లాలికి ఆ రెండూ లేవు. కాబట్టి ఆ 18, 27 అంకెలను మీ ప్రతిపాదనలో యథాతథంగా అతికించకండి.

ఎవరిని చేర్చుకోవాలో తేల్చడానికి రక్తపరీక్ష అక్కర లేదు. మద్రాసు పరిశోధకులు తయారుచేసిన భారతీయ మధుమేహ ముప్పు స్కోరు వాడండి. వయసు, నడుము చుట్టుకొలత, శ్రమ, తల్లిదండ్రులకు షుగరు ఉందా అన్న నాలుగు సంగతులు చాలు. మొత్తం నూటికి 60 గానీ అంతకు మించి గానీ వస్తే ముప్పు ఎక్కువ. టేపు, కాగితం ఉంటే ఐదు నిమిషాల పని. అలా వచ్చినవారిని మాత్రమే పరీక్షకు పంపండి.

మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ మీద పూర్తిగా ఆధారపడకండి. తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. ఇనుము లోపించినప్పుడు ఈ పరీక్ష ఉన్నదానికన్నా ఎక్కువగా చూపవచ్చు. మీరు ఆకుకూరలు తినిపించి, ఎవరైనా ఐరన్ మాత్రలు ఇచ్చి రక్తం పెరిగితే అంకె దానంతట అదే తగ్గి, షుగరే తగ్గిందని మీరు సంబరపడే ప్రమాదం ఉంది. పరగడుపు పరీక్ష, నడుము కొలత పక్కన పెట్టుకొని చూడండి. నివేదికలో ఇంటికి నెలకు ఎన్ని కిలోల పప్పు కొన్నారు, బియ్యం ఎన్ని గ్లాసులు తగ్గింది, నడుము ఎంత మారింది అన్నవి రాస్తే చాలు. ఇవి చిన్న విషయాలని దాతలు అనవచ్చు. అలాంటి దాతకు చెన్నై పరీక్షను చూపించి, అక్కడ పనిచేసినవి ఈ చిన్న విషయాలే అని చెప్పండి.

ప్రశ్న అడిగినవారి మాట

మేడమ్ గారికి, అక్కకు, మాస్టారుకు, డాక్టరు గారికి కృతజ్ఞతలు. మేము అనుకున్న ప్రత్యక్ష జూమ్ తరగతులను పక్కన పెడుతున్నాము. మొదట కమ్యూనిటీ హాలులో ఒక వంట, ముప్పు స్కోరు, నడుము కొలత, ఆ తరువాత వారానికి ఒక చిన్న వీడియో, రెండు గొంతు సందేశాలు పెడదామని నిర్ణయించాము. కార్యక్రమం పేరులో శాకాహారం అన్న మాట తీసివేస్తున్నాము. మాత్రలు వాడేవారిని డాక్టరు అనుమతితోనే చేర్చుకుంటాము. ఒక్క సందేహం మిగిలింది. మొదటి రోజు హాలులో ఏమి వండాలి? మా తోటివారు కొర్రల బిర్యానీ అంటున్నారు.

జవాబు: మహిళా సంఘాల ఆర్పీ, బోరబండ

కొర్రల బిర్యానీ వద్దు చెల్లీ. అందరూ మెచ్చుకుంటారు, ఇంటికి వెళ్ళి ఎవరూ వండరు, కొర్రలు కొనడానికి కిరాణా కొట్టులో అప్పు పుట్టదు. పుంటికూర పప్పు చేయండి, కానీ పప్పు రెట్టింపు వేసి గట్టిగా చేయండి. పక్కన బబ్బెర్ల గుడాలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. అన్నం రేషను బియ్యంతోనే వండి, అదే టీ గ్లాసుతో కొలిచి అందరి ముందే కంచంలో పెట్టండి. నెల మొదట్లో, రేషను తెచ్చుకున్న వారంలో పెట్టుకుంటే మంచిది. బబ్బెర్లు ముందు రోజు రాత్రి నానబెట్టే పని నాకు వదిలేయండి, హాలు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కూడా నేను కనుక్కుంటాను.